వెయ్యి గజాల రైఫిల్‌కు ఏ కాలిబర్? మా ఇంటి మాట

ఈ బ్లాగులో ఇన్నాళ్ళు మగ్గాల గురించి, పూర్వభాగ్ పాత ఇండ్ల గురించి, మార్కండేయ రథోత్సవం గురించి రాసుకున్నాం. సోలాపూర్ పద్మశాలి ఇంటి బ్లాగులో రైఫిల్ ముచ్చట ఏందని కొందరు అనొచ్చు. కానీ మూడు నెలలుగా మన ఇంటి వాట్సాప్ గ్రూపులో ఇదే ముచ్చట నడుస్తున్నది. అందులో ఇంటి పైసలు కూడా ఉన్నాయి కాబట్టి మేం అనుకున్నది ఇక్కడ రాసి పెడుతున్నాం.

తెలియనివాళ్ళ కోసం సంగతి క్లుప్తంగా. టెక్సాస్‌లో ఉన్న మన చిన్నాయన కొడుకు రైఫిల్ క్లబ్బులో చేరాడు. అక్కడ నెలకొకసారి 600 గజాలు, 1000 గజాల పోటీలు పెడతారు. ఇప్పటిదాకా క్లబ్బువాళ్ళ రైఫిల్‌తో ఆడాడు, ఇక సొంతది కొనాలని చూస్తున్నాడు. ఇక్కడ సోలాపూర్‌లో మన అక్క మనవరాలు రెండేండ్లు ఎయిర్ రైఫిల్ ఆడి, ఈ ఏడు 50 మీటర్ల .22కు మారింది. బిడ్డ రైఫిల్‌కు ఇంటోళ్ళం తలా ఇంత వేస్తున్నాం. సగం తానిస్తానని అమెరికా తమ్ముడు మాటిచ్చాడు. ఇప్పుడు ఆయన వెయ్యి గజాల వీడియోలు చూసి బిడ్డ నాయన అంటున్నాడు, "50 మీటర్ల ఆట ఏం ఆట? ఇంకో రెండేండ్లు ఆగి పెద్ద బోరుదే కొందాం" అని. ఇంకో బావ "మన దేశంలో తయారయ్యే .315 ఉంది గదా, అదే కొనియ్యండి" అంటాడు. గ్రూపులో ఒకరు 6.5 క్రీడ్‌మోర్ అంటే ఇంకొకరు .300 మ్యాగ్నమ్ అంటారు.

మా మాట ముందే చెప్పేస్తాం. తమ్ముడికి .308 విన్‌చెస్టర్. బిడ్డకు .22, అదీ ఈ ఏడే. ఎందుకో కింద రాస్తున్నాం.

నంబరు చూసి లెక్క కట్టొద్దు

కాలిబర్ అంటే గొట్టం లోపలి వెడల్పు, మోటుగా చెప్పాలంటే గుండు లావు. .308 అంటే అంగుళంలో వెయ్యి భాగాలు చేస్తే 308 భాగాలు, 7.82 మిల్లీమీటర్లు. అయితే .30-06 స్ప్రింగ్‌ఫీల్డ్, .308 విన్‌చెస్టర్, .300 విన్‌చెస్టర్ మ్యాగ్నమ్, ఈ మూడింటిలోనూ గుండు లావు ఒక్కటే. తేడా అంతా వెనకాల ఇత్తడి తొడుగులో, దాంట్లో పట్టే మందులో ఉంది. మనకు తెలిసిన పద్ధతిలో చెప్పాలంటే, నూలు నంబరు చూసినంత మాత్రాన బట్ట ఏదో తెలియదు గదా? పడుగు ఎన్ని పోగులు, పేక ఎట్లా కొట్టారు, అన్నీ చూడాలి. ఇదీ అంతే. "ఏ కాలిబర్" అని అడిగేవాళ్ళు నిజానికి అడుగుతున్నది "ఏ తూటా" అని.

ఈ తూటాలకు వయసు కూడా ఉంది. .30-06 1906 నాటిది, అమెరికా సైన్యం తూటా. .308 1952లో వచ్చింది. దాని అన్నదమ్ముడే సైన్యాలు వాడే 7.62 నాటో. 6.5 క్రీడ్‌మోర్ 2007 నాటిది, సైన్యం కోసం కాకుండా గురిపోటీల కోసమే పుట్టింది. సన్నగా పొడుగ్గా ఉండే గుండు గాలిని బాగా చీల్చుకుపోతుంది, అదే దాని బలం.

ముందు కాగితం, తర్వాత కాలిబర్

తమ్ముడు గ్రీన్‌కార్డు వచ్చాకే రైఫిల్ పట్టాడు. మంచి పని చేశాడు. ఈ మాట ఎందుకంటున్నామంటే, మన ఇంటి పిల్లలు ఇంకా నలుగురు అక్కడ హెచ్‌-1బి మీద ఉన్నారు. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం అట్లాంటి వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోరాదు. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. అవి లేకుంటే రేంజికి పోయి అద్దెకు తీసుకున్నా తప్పు తప్పే. దోస్తులు పిలిచారని ఆదివారం సరదాగా పోయి, ఫొటో పెట్టి, ఏండ్ల తరబడి ఎదురుచూసిన కాగితాలను పోగొట్టుకోవద్దు. వకీలును అడగకుండా ఎవరూ ఆ పని చేయకండి బాబూ.

ఇక్కడ మన దేశంలో కాలిబర్‌ను చట్టమే సగం తేల్చేస్తుంది. 1959 ఆయుధాల చట్టం కింద నిబంధనల్లో నిషిద్ధ బోరు, నిషిద్ధం కాని బోరు అని రెండు రకాలు. సైన్యం వాడిన .303, 7.62 తూటాలు పట్టే రైఫిళ్ళు నిషిద్ధం కిందకు వస్తాయి. 7.62 నాటో తూటా .308 రైఫిల్‌లో పడుతుంది కాబట్టి టెక్సాస్‌లో అంగట్లో దొరికే .308 ఇక్కడ మామూలు మనిషికి అందని సరుకు. ఒకే ఇంటి ఇద్దరికి ఒకే జవాబు ఎందుకు కుదరదో దీంతోనే అర్థమైపోతుంది.

బావ చెప్పిన .315 కథ కూడా అక్కడిదే. తెల్లవాళ్ళు తమ సైన్యపు .303 తూటా జనం చేతికి పోకూడదని అనుకున్నారు. అందుకే అదే లీ-ఎన్‌ఫీల్డ్ పద్ధతి రైఫిల్‌ను ఆస్ట్రియావాళ్ళ 8 మిల్లీమీటర్ల మాన్‌లిఖర్ తూటాకు మార్చి అమ్మారు. అదే .315గా మిగిలిపోయింది. ఇప్పటికీ ఇషాపూర్ ఫ్యాక్టరీ పేరుతోనే జనం దాన్ని గుర్తుపడతారు. పొలానికి, కాపలాకు అది సరే. కానీ దాని గుండు బరువు, ముక్కు మొద్దు, వేగం తక్కువ. దూరపు గురి కోసం పుట్టింది కాదు. బావ మీద గౌరవం ఉంది గానీ, బిడ్డకు .315 కొనివ్వడం అంటే పట్టుచీర నేయమని చద్దరు నూలు చేతికిచ్చినట్టే.

గాలి దగ్గరే అసలు లెక్క

ఇక తమ్ముడి సంగతికి వద్దాం. 6.5 క్రీడ్‌మోర్ కావాలనేవాళ్ళ వాదన తీసిపారేసేది కాదు. లెక్కలు చూడండి. 175 గ్రెయిన్ల గుండుతో .308ను సెకనుకు 2600 అడుగుల వేగంతో వదిలితే, గంటకు 10 మైళ్ళ అడ్డగాలిలో 1000 గజాల దగ్గర అది సుమారు 100 అంగుళాలు పక్కకు జరుగుతుంది. 140 గ్రెయిన్ల 6.5 గుండు సుమారు 75 అంగుళాలే జరుగుతుంది. అంతదూరం పోయేసరికి .308 ధ్వని వేగానికి దగ్గరపడుతుంది, అక్కడే గుండు తూలే ప్రమాదం. 6.5 ఇంకా హాయిగా పైనే ఉంటుంది. భుజానికి తన్ను కూడా 6.5లో తక్కువ. కాగితం మీద చూస్తే 6.5దే గెలుపు, అందులో అనుమానం లేదు.

మరి మేం .308 ఎందుకంటున్నాం? లక్ష్యాన్ని చూడండి. తమ్ముడు ఆడే ఎఫ్-క్లాస్ పోటీలో 1000 గజాల దగ్గర పది పాయింట్ల వలయం 10 అంగుళాల వెడల్పు. అంటే నడిమధ్య నుంచి 5 అంగుళాలు. గాలిని గంటకు ఒక్క మైలు తప్పు చదివితే .308 గుండు 10 అంగుళాలు పోతుంది, 6.5 గుండు ఏడున్నర అంగుళాలు పోతుంది. రెండూ వలయం బయటే. ఒక్క మైలు గాలి అంటే ఎంత? చెంపకు తగిలీ తగలనంత. అది చదవడం రానంతవరకు 6.5 కొన్నా మిగిలేది రెండున్నర అంగుళాల ఓదార్పే. చదవడం వచ్చాక .308 కూడా వలయంలోనే పడుతుంది.

"మరి తప్పు తక్కువ చేసే తూటా ఉన్నప్పుడు ఎక్కువ చేసేది ఎందుకు?" అని మేనల్లుడు గ్రూపులో అడిగాడు. మంచి ప్రశ్న. దానికి మా జవాబు రెండు ముక్కల్లో ఉంది, ఒకటి ఖర్చు, ఒకటి పోటీ.

గొట్టానికీ ఆయుష్షు ఉంది

రైఫిల్ కొంటే జీవితాంతం ఉంటుందని మనోళ్ళు అనుకుంటున్నారు. చెక్క, ఇనుము ఉంటాయి. గొట్టం ఉండదు. ప్రతి తూటాకు మండే మందు వేడికి గొట్టం మొదట్లో ఉక్కు కొంచెం కొంచెంగా కాలి చెదురుతుంది. గురి చెదిరిన రోజు గొట్టం మార్చాల్సిందే. దాని ధర, బిగించే పనివాడి కూలి కలిపి వందల డాలర్లు.

పోటీలు ఆడేవాళ్ళు చెప్పుకునే మోటు లెక్క ఇది: .308 గొట్టం 5000 తూటాల దాకా నిలుస్తుంది. 6.5 క్రీడ్‌మోర్ 2500 దగ్గర. పెద్ద మ్యాగ్నమ్‌లయితే 1200 దాటితే గొప్పే. కారణం చాలా సులువు. .308లో పట్టేంత మందే ఇంచుమించు 6.5లోనూ పడుతుంది, కానీ దాని మంట అంతకంటే సన్నటి సందులోంచి పోవాలి. మ్యాగ్నమ్‌లో మందే చాలా ఎక్కువ.

ఇప్పుడు తమ్ముడి లెక్క కడదాం. నెలకు ఒక పోటీ, పోటీకి 60 తూటాలు, ఏడాదికి 720. సాధన కూడా అంతే అనుకుంటే 1440. .308 గొట్టం మూడున్నర ఏండ్లు వస్తుంది. 6.5 గొట్టం రెండేండ్లు నిండకముందే అయిపోతుంది. మ్యాగ్నమ్ అయితే పది నెలలు. మామ చెప్పిన .300 మ్యాగ్నమ్ మాట ఇక్కడితో ముగిసిందని మేం అనుకుంటున్నాం. ఆ తన్నుకు రోజుకు అరవై తూటాలు కాల్చి, సోమవారం ఆఫీసులో భుజం ఎత్తడం కూడా కష్టమే.

మందు సంగతి కూడా చూడండి. ఈ ఆటలో ఖాళీ తొడుగులను పారేయరు, మళ్ళీ మందు నింపి వాడుకుంటారు. ఒక పౌండు మందు అంటే 7000 గ్రెయిన్లు. తూటాకు 43 గ్రెయిన్లు అనుకుంటే .308కు 160 పైచిలుకు తూటాలు వస్తాయి. .223 రెమింగ్టన్‌కు 24 గ్రెయిన్లు చాలు, 290 దాకా వస్తాయి. అందుకే చిన్న తమ్ముడు ".223 అయితే ఇంకా అగ్గువ గదా" అన్నాడు. నిజమే, తన్ను కూడా నాలుగో వంతే. 600 గజాలదాకా మేమూ అదే అనేవాళ్ళం. కానీ 1000 గజాలకు దాంట్లో పొడుగాటి 80, 90 గ్రెయిన్ల గుండ్లు వాడాలి, వాటిని తిప్పడానికి 7, 8 అంగుళాలకు ఒక చుట్టు తిరిగే గొట్టం కావాలి, మందు అంచుదాకా నింపాలి. చేయి తిరిగినవాళ్ళ పని అది. మొదటి రైఫిల్‌కు అంత నాజూకు లెక్క వద్దని మా అభిప్రాయం.

ఒకే నూలు, ఒకే గాలి

రెండో ముక్క పోటీ. మాకు ఇదే ముఖ్యం.

ఎఫ్-క్లాస్‌ను కెనడాలో జార్జ్ ఫార్కర్సన్ అనే ఆయన మొదలుపెట్టాడు, ఆ ఎఫ్ ఆయన పేరులోదే. వయసు మీదపడి చూపు, మోచేతులు సహకరించనివాళ్ళు కూడా టెలిస్కోపు, ఆనిక పెట్టుకుని ఆడాలని వచ్చిన ఆట. ఇందులో రెండు పంక్తులు. ఎఫ్-ఓపెన్‌లో కాలిబర్ విషయంలో చాలా స్వేచ్ఛ ఉంటుంది. ఎఫ్-టీఆర్‌లో రెండే రెండు తూటాలు, .223 రెమింగ్టన్, .308 విన్‌చెస్టర్. రైఫిల్ బరువు టెలిస్కోపు, రెండు కాళ్ళ ఆనికతో సహా 8.25 కిలోలు మించకూడదు.

తమ్ముడు 6.5 కొంటే ఎఫ్-ఓపెన్‌లో ఆడాలి. అక్కడ పక్కవాడు 7 మిల్లీమీటర్ల పెద్ద తూటాతో వస్తాడు, ఆ గుండుకు 6.5 కంటే గాలి తక్కువ తగులుతుంది. ఓడిన ప్రతిసారి "నాదీ అదే తూటా అయ్యుంటే" అనిపిస్తుంది. వచ్చే ఏడు ఇంకో గొట్టం, ఆపై ఏడు ఇంకో తూటా. దానికి అంతు లేదు. ఎఫ్-టీఆర్‌లో అందరి చేతిలో అదే రెండు తూటాలు, అందరి మీద అదే గాలి. ఓడితే గాలి చదవడంలో ఓడినట్టు, ఊపిరి పట్టడంలో ఓడినట్టు. ఏం నేర్చుకోవాలో ఆ సాయంత్రమే తెలిసిపోతుంది. సాంచాలు ఒకటే, నూలు ఒకటే అయినప్పుడే గదా ఎవరి నేత ఎట్లాంటిదో మనవాళ్ళు చెప్పగలిగేది!

ఎదుటి మాట కూడా న్యాయంగా చెప్పాలి. క్లబ్బులో ఎఫ్-టీఆర్ లేకపోయుంటే, లేదా తమ్ముడు లేచి పరుగెత్తి, గోడల మీద ఆనించి కొట్టే రకం పోటీలు ఆడేవాడయితే, మేమూ 6.5 క్రీడ్‌మోర్ అనేవాళ్ళం. అక్కడ తన్ను తక్కువ ఉండాలి, తూటా ఎక్కడ పడిందో తానే టెలిస్కోపులో చూసుకోవాలి, గొట్టం ఆయుష్షు తర్వాతి సంగతి. ఏ పోటీ ఆడుతున్నామో తేలకముందు కాలిబర్ వెతకడం, ఏ బట్టో తేలకముందు నూలు కొనడం లాంటిది.

బిడ్డ సంగతి

ఇప్పుడు ఇంటి పైసల మాట. .308 తీసుకుంటే తమ్ముడికి గొట్టం మార్చే ఖర్చు మూడేండ్ల తర్వాత వస్తుంది. ఈ ఏడు బిడ్డకు ఇస్తానన్న సగం ఇవ్వగలడు. 6.5 అయితే వచ్చే ఏడు చివరికే ఆయన చేయి ముడుచుకుంటుంది. మ్యాగ్నమ్ అయితే చెప్పనక్కర్లేదు. ఇది మేం ఆయన ముందే అన్నాం, ఆయన తప్పు పట్టలేదు.

బిడ్డ నాయనకు ఒక మాట. బాబూ, 50 మీటర్లు చిన్న ఆట కాదు. అక్కడ పది పాయింట్ల వలయం 10.4 మిల్లీమీటర్లు, మన చొక్కా గుండీ అంత. 10 మైళ్ళ అడ్డగాలికి .22 గుండు 50 మీటర్లలోనే దాదాపు అంగుళం జరుగుతుంది. మూడు నాలుగు మైళ్ళు తప్పు చదివితే పది చేజారుతుంది. 1000 గజాల దగ్గర తమ్ముడు నేర్చుకుంటున్న విద్యే బిడ్డ ఇక్కడ నేర్చుకుంటున్నది. కాకపోతే ఒక్కో తూటాకు అయ్యే ఖర్చు చాలా తక్కువ, గొట్టం అరగడం గురించి బెంగ లేదు, చట్టంతో చిక్కు తక్కువ. 300 మీటర్ల పెద్ద బోరు ఆట 1972 తర్వాత ఒలింపిక్స్‌లోనే లేదు. .22 ఇప్పటికీ ఉంది.

మన మహారాష్ట్రలోనే చూడండి. కొల్హాపూర్ జిల్లా కాంబళ్‌వాడి పల్లె నుంచి వచ్చిన స్వప్నిల్ కుసాలే 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 50 మీటర్ల త్రీ పొజిషన్స్‌లో 451.4 పాయింట్లతో కంచు పతకం తెచ్చాడు. రైల్వే ఉద్యోగి. అదే కొల్హాపూర్ బిడ్డ తేజస్విని సావంత్ 2010లో మ్యూనిక్‌లో 50 మీటర్ల ప్రోన్‌లో ప్రపంచ చాంపియన్ అయింది. ఇద్దరి చేతిలో ఉన్నది .22నే. కొల్హాపూర్‌కు ఈ ఆటతో ఇంకా పాత చుట్టరికం కూడా ఉంది. 1870లో ఫ్లోరెన్స్‌లో కన్నుమూసిన రాజారామ్ మహారాజు పేరు మీదుగా ఇంగ్లండులో 1871 నుంచి కొలాపూర్ కప్ అని జట్ల పోటీ నడుస్తున్నది. ఇప్పుడు దాన్ని 300, 500, 600 గజాల మీద ఆడతారు. ఆ కప్ మొదలైనప్పుడు .303 కూడా పుట్టలేదు. అప్పటి నుంచి తూటాలు ఎన్ని మారాయో, కప్ మాత్రం అదే.

పెద్ద బోరు ఆడాలని బిడ్డకు నిజంగా ఉంటే దారి మూసుకోలేదు. .22లో మంచి స్కోర్లు వచ్చి, నేషనల్ రైఫిల్ అసోసియేషన్ గుర్తించే 'రినౌన్డ్ షాట్' స్థాయికి చేరితే, దిగుమతికి, అనుమతులకు నిబంధనల్లోనే దారి ఉంది. అప్పుడు ఏ తూటా కావాలో తనే చెబుతుంది, మనం వాట్సాప్‌లో తేల్చాల్సిన పని ఉండదు. రెండేండ్లు ఆగి పెద్దది కొందామంటే పోయేవి పైసలు కాదు, తన పదహారో ఏడు, పదిహేడో ఏడు. అవి మళ్ళీ రావు.

రైఫిల్ కొన్నాక చేతిలో ఏమైనా మిగిలితే తూటాల మీద పెట్టండి. .22లో ఒకే కంపెనీ తూటాలయినా ఒక్కో లాటు ఒక్కో గొట్టంలో ఒక్కోలా పడుతుంది. నాలుగైదు లాట్లు తెచ్చి, రైఫిల్‌ను కదలకుండా బిగించి కాల్చి చూసి, కుదిరిన లాటునే పెద్దమొత్తంలో కొనడం పెద్ద ఆటగాళ్ళంతా చేసే పని. మనవాళ్ళు రంగు లాటు చూసి నూలు తీసుకున్నట్టే.

కాబట్టి రాఖీ పున్నానికి రథం చూడడానికి అందరం కలిసినప్పుడు బిడ్డ డబ్బు లెక్క తేల్చేద్దాం. తమ్ముడు తన సగం పంపుతానన్నాడు, మిగతా సగం మన మీద ఉంది. బావ .315 మాట మళ్ళీ ఎత్తితే ఈ పేజీ చూపించండి.